అడవి పందిని కాల్చాలంటే ఏ తుపాకీ? చట్టం ఏమంటోంది, తూటా ఏం చేస్తుంది

పంట చేతికొచ్చే వేళ ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేను నేలమట్టమవుతుంది. వేరుశనగ అయితే దున్నినట్టే ఉంటుంది. అడవి పందుల గుంపు వచ్చి వెళ్లిన చేనును చూసినవాళ్లకు ఆ రైతు కోపం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ కోపంలో చాలాచోట్ల జరిగేది పొలం చుట్టూ కరెంటు తీగ లాగడం. దానికి పందులతో పాటు పక్క పొలం రైతు, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లిన కూలీ, ఒక్కోసారి పులి కూడా బలవుతున్నాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లా పేజీల్లో ఈ వార్త ఏటా కనిపిస్తూనే ఉంటుంది.

అందుకే 'అనుమతి ఇచ్చి కాల్పించండి' అన్న డిమాండ్ పదేళ్లుగా బలపడుతోంది. కొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి కూడా. అయితే ఎవరు కాల్చాలి, దేనితో కాల్చాలి అన్న ప్రశ్నల మీద తెలుగులో చర్చ తక్కువ. తప్పు తుపాకీ చేతిలో ఉంటే పంది గాయపడి తప్పించుకుంటుంది, లేదా తూటా పక్క ఊరి దాకా పోతుంది.

ముందు చట్టం సంగతి

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కు 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అడవి పంది, నీల్గాయ్ రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. సెక్షన్ 11(1)(బి) కింద, రెండో షెడ్యూల్ జంతువు మనుషుల ప్రాణాలకు గానీ, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారిందని నమ్మితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి, రాతపూర్వకంగా వేటకు అనుమతి ఇవ్వొచ్చు. ఈ అధికారాన్ని కింది వారికి బదలాయించవచ్చు. ఒకటో షెడ్యూల్ జంతువు విషయంలో మాత్రం బదలాయింపు కుదరదు.

ఈ వెసులుబాటునే 2022 మే నెలలో కేరళ వాడుకుంది. పంచాయతీ, మున్సిపాలిటీ అధ్యక్షులను గౌరవ వైల్డ్‌లైఫ్ వార్డెన్లుగా గుర్తించి, అడవి పందిని కాల్చే ఉత్తర్వు ఇచ్చే అధికారం వారికి అప్పగించింది. విషం, పేలుడు పదార్థాలు, కరెంటు వాడకూడదన్నది షరతు. తెలంగాణ కూడా సర్పంచుల ద్వారా, అటవీ శాఖ జాబితాలో ఉన్న షూటర్లతో ఇలాంటి ఏర్పాటు చేసింది.

రెండో దారి సెక్షన్ 62. కేంద్రం ఒక జంతువును ఒక ప్రాంతంలో, కొంత కాలానికి హానికర జంతువుగా ప్రకటిస్తే దానికి చట్ట రక్షణ ఉండదు. 2015 చివర్లో బిహార్‌లో నీల్గాయ్, అడవి పందుల విషయంలో, 2016లో ఉత్తరాఖండ్‌లో అడవి పందుల విషయంలో ఇలాగే జరిగింది. 2016 జూన్‌లో బిహార్‌లోని మొకామాలో 200కు పైగా నీల్గాయ్‌లను కాల్చినప్పుడు వెళ్లిన షూటర్లు మన హైదరాబాద్ వాళ్లే. ఆ ఘటన మీద అప్పటి కేంద్ర మంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జవదేకర్ బహిరంగంగానే విభేదించుకున్నారు. కేరళ కూడా ఇలాంటి ప్రకటన కోరినా కేంద్రం ఒప్పుకోలేదు.

ఇంటర్నెట్‌లో తుపాకుల గురించి వెతికితే ఎక్కువగా దొరికేది బ్రిటన్ సమాచారం. అక్కడ గొర్రెపిల్లలను, కోళ్లను ఎత్తుకెళ్లే నక్కను భూయజమాని అనుమతితో, లైసెన్సు ఉన్న రైఫిల్‌తో కాల్చడం మామూలు విషయం. మన దగ్గర నక్కకు, గుంటనక్కకు ఒకటో షెడ్యూల్ రక్షణ ఉంది. కాబట్టి ఆ సలహాలను ఇక్కడికి తెచ్చుకోకూడదు.

లైసెన్సు మీద ఏ తుపాకీ వస్తుంది?

ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 13(3) పంట రక్షణ గురించి నేరుగా మాట్లాడుతుంది. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే గొట్టం మూతిలోంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలంటుంది. అది సరిపోదని అధికారి భావిస్తే, కనీసం 20 అంగుళాల బ్యారెల్ ఉన్న నున్నటి గొట్టపు తుపాకీకి ఇవ్వొచ్చు. అంటే రైతు కోసం చట్టం ఊహించుకున్న ఆయుధం మన వార్తల్లో 'భర్మార్' అని రాసేదే. ఒక గుండు వేశాక మళ్లీ మందు, గుడ్డ, గుండు దట్టించుకోవాలి. వానలో మందు తడిస్తే పేలదు. గాయపడిన పంది తిరగబడితే రెండో గుండుకు సమయం ఉండదు. 60 ఏళ్ల కిందటి ఆలోచన అది. ఈ నిబంధనను ఇంకా మార్చకపోవడం వింతే.

రైఫిల్ లైసెన్సు వేరే కథ. .303, 7.62 మి.మీ. సర్వీస్ తూటాలు పట్టే రైఫిళ్లు, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు సామాన్యుడికి అందని వర్గంలో ఉన్నాయి. మిగిలేవి బోల్ట్ లాగి ఒక్కో తూటా ఎక్కించే రైఫిళ్లు. 2019 సవరణతో ఒకరి పేరు మీద ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఎన్నికలొస్తే వాటిని స్టేషన్‌లో అప్పగించాలి. 2024 లోక్‌సభ ఎన్నికల వేళ కేరళలో పందుల వేట చాలాచోట్ల ఆగిపోవడానికి కారణం ఇదే.

క్యాలిబర్ అంటే అంకె మాత్రమే కాదు

బ్రిటన్ నక్క బరువు ఆరేడు కిలోలు. దానికి .223 తూటా వాడతారు. బరువు మూడున్నర గ్రాములు, వేగం సెకనుకు దాదాపు వెయ్యి మీటర్లు. తగలగానే లోపల ముక్కలైపోతుంది, బయటికి రావడం తక్కువ. ఎదిగిన అడవి మగ పంది 80, 100 కిలోలు ఉండొచ్చు. దాని భుజాల మీద చర్మం కింద గట్టి పొర ఒకటి కవచంలా ఉంటుంది. నక్క తూటా ఆ పొరలోనే చితికిపోతుంది. పంది పారిపోయి, రెండు మూడు రోజుల తర్వాత ఏ వాగు పక్కనో చస్తుంది. బరువైన, లోపలికి దిగాక మెల్లగా విచ్చుకునే మెత్తటి కొన తూటానే దీనికి సరైనది.

మన దేశంలో దొరికే వాటిలో .315 స్పోర్టింగ్ రైఫిల్ బాగా పేరున్నది. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ తయారీ. దీని పుట్టుకకు వలస పాలన కారణం. సైన్యం నుంచి దొంగిలించిన .303 తూటాలు పట్టకూడదని పౌరులకు వేరే కొలత రైఫిళ్లు తెచ్చారు. 8 మి.మీ. వ్యాసం, దాదాపు 16 గ్రాముల బరువైన తూటా, సెకనుకు 600 మీటర్ల వేగం. శక్తి మూడు వేల జౌళ్లకు దగ్గర. పాతకాలపు తూటాయే కానీ వంద మీటర్ల లోపు పందికి చక్కగా సరిపోతుంది. .30-06 ఇంకా శక్తిమంతమైనది, నాలుగు వేల జౌళ్ల దాకా వస్తుంది. అయితే గురి తప్పితే ఆ తూటా మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. ఊళ్లు దగ్గర దగ్గరగా ఉండే మన డెల్టాలో, మైదానాల్లో ఇది చిన్న విషయం కాదు.

.22 రైఫిల్ శక్తి చాలా తక్కువ. దాన్ని పంది మీద వాడటం క్రూరత్వమే. పైగా రాయికో, గట్టి నేలకో తగిలి ఎగిరిపోయే గుణం దీనికి ఎక్కువ. ఎయిర్‌గన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. .177 బోర్, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి దేని మీదైనా పేల్చొచ్చని చాలామంది అనుకుంటారు. లైసెన్సు అక్కర్లేకపోయినా, రక్షణ ఉన్న జంతువును దానితో కొట్టడం వేటే అవుతుంది.

నా లెక్కలో చాలా పొలాలకు సరైనది 12 బోర్ రెండు గొట్టాల తుపాకీ. పౌండు సీసాన్ని 12 సమాన గుండ్లుగా చేస్తే ఒక గుండు ఎంత ఉంటుందో ఈ గొట్టం వ్యాసం అంత, సుమారు 18.5 మి.మీ. తూటాల్లో ఎల్‌జీ, ఎస్‌జీ అనే పెద్ద గుళ్ల రకాలు పందికి వాడతారు. 30 మీటర్ల లోపు అవి ఒకచోట పడతాయి. 40 దాటితే గుళ్లు విడిపోతాయి, చంపే బదులు గాయపరుస్తాయి. ఒంటి గుండు అయితే ఇంకొంత దూరం నమ్మొచ్చు. కానీ మూతి బాగా బిగుతుగా ఉండే ఫుల్ చోక్ బ్యారెల్‌లో, తయారీదారు సరేనంటే తప్ప దాన్ని వాడకూడదు. దూరం తక్కువన్నది ఈ తుపాకీ లోపంగా చెబుతారు. ఊరి పక్కన పొలంలో అదే దాని మేలు. గుళ్లు కొన్ని వందల మీటర్లలోనే బలం కోల్పోయి పడిపోతాయి.

స్కోప్: పెద్దది చేసి చూపడం కంటే వెలుతురు ముఖ్యం

పందులు వచ్చేది సంధ్య దాటాక. కాబట్టి ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది అన్నదాని కంటే ఎంత వెలుతురు కంటికి చేరుస్తుంది అన్నదే చూసుకోవాలి. లెక్క సులువు. ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతి కడ్డీ వెడల్పు వస్తుంది. 3-9x40 స్కోప్‌ను 9 మీద పెడితే 4.4 మి.మీ. 4కు తగ్గిస్తే 10 మి.మీ. చీకట్లో యువకుల కంటిపాప ఏడు మి.మీ. వరకు తెరుచుకుంటుంది, వయసు మీద పడ్డవారికి ఐదే. అంటే మసక వెలుతురులో రెట్లు తగ్గించుకున్నవాడికే బాగా కనిపిస్తుంది. మంచె మీద నుంచి 50 మీటర్ల లోపు కాల్చేవారికి 1-6x24 లాంటి చిన్న స్కోప్ చాలు. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ చిట్లకుండా కంటికి, స్కోప్‌కు మధ్య కనీసం మూడున్నర అంగుళాల దూరం ఉండే రకం తీసుకోవాలి.

స్కోప్ బ్యారెల్‌కు నాలుగు సెంటీమీటర్ల పైన ఉంటుంది. అందుకే 50 మీటర్లకు గురి కుదిర్చిన రైఫిల్ పది మీటర్ల దగ్గర మూడు సెంటీమీటర్లు కిందకి కొడుతుంది. దగ్గరికొచ్చిన పందిని తప్పడానికి ఇది చాలాసార్లు కారణం. బిగించిన మౌంటు వదులైతే ఎంత ఖరీదైన స్కోప్ అయినా వృథా.

థర్మల్ స్కోప్ వేడిని చూపిస్తుంది, కానీ జొన్న చేనులో కావలి పడుకున్న మనిషీ వేడిగానే కనిపిస్తాడు. ఆకారం పూర్తిగా పోల్చుకోకుండా ట్రిగర్ మీద వేలు పెట్టకూడదు. మంచె ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. పైనుంచి కిందికి కాల్చిన తూటా పందిని దాటినా మట్టిలోకి దిగుతుంది. నేల మీద నిలబడి, గట్టు అంచున కనిపించే పందిని కాల్చడం అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే దాని వెనక ఆకాశం తప్ప ఏమీ ఉండదు.

కాల్చాక

తూటా తగిలిన పంది వెంటనే పడకపోతే వెంటపడకూడదు. అరగంట ఆగి, నెత్తుటి జాడ పట్టుకుని, ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లాలి. పొదలో ఉన్న గాయపడిన పంది తొడ నరాలు తెంచేస్తుంది.

మాంసం విషయంలోనే ఎక్కువమంది కేసుల్లో ఇరుక్కుంటారు. సెక్షన్ 39 ప్రకారం, అనుమతితో చంపిన పంది కూడా రాష్ట్ర ప్రభుత్వ ఆస్తే. కోసుకుని పంచుకుంటే పంట కాపాడుకున్న రైతు కాస్తా వేటగాడిగా నమోదవుతాడు. కేరళలో అందుకే కళేబరం మీద కిరోసిన్ పోసి లోతుగా పాతిపెట్టాలన్న నిబంధన పెట్టారు. ఉత్తర్వు నకలు, తూటాల లెక్క, పాతిపెట్టిన చోటు వివరాలు అటవీ సిబ్బంది సమక్షంలో రాయించుకుని దగ్గర ఉంచుకోవాలి. తర్వాత ఎవరైనా ఫిర్యాదు చేస్తే షూటర్ చేతిలో ఉండేవి ఆ కాగితాలే.