పాతిపెట్టని తలాంతు

విద్యయు, ధనమును, కాలమును మానవుని సొంత సొత్తు కాదనియు, దేవు డతనియొద్ద నుంచిన నిక్షేపమనియు క్రైస్తవులు తలంతురు. దీనిని వారు గృహనిర్వాహకత్వ మందురు. యజమానుని సొత్తు నిర్వహించువాడు తుదకు లెక్క యొప్పజెప్పవలెననుటయే దీని సారము.

మత్తయి సువార్త 25వ అధ్యాయమునందలి యుపమాన మిందుకు మూలము. దూరదేశమునకు పోవుచు నొక యజమానుడు తన దాసులలో నొకనికి 5, వేరొకనికి 2, మూడవవానికి 1 తలాంతు నిచ్చెను. తలాంతనగా పెద్ద తూకము గల వెండి. మొదటి యిద్దరును వ్యాపారము చేసి యిచ్చినదానిని రెట్టింపు గావించిరి. మూడవవాడు భయపడి తనదానిని భూమిలో పాతిపెట్టెను. యజమానుడు తిరిగివచ్చినప్పుడు దాని నట్లే తెచ్చి యిచ్చి నిందపాలయ్యెను.

ఈ కథ తెలుగున తొలిసారి అచ్చుపడిన వృత్తాంతము మన విశాఖపట్టణమునకు చెందినది. 18వ శతాబ్దమున బెంజమిన్ షుల్జ్ అను జర్మను పండితుడు మదరాసున బైబిలును తెలుగు చేసెను. కాని యా వ్రాతప్రతులు అచ్చునకు నోచుకొనలేదు.

1805లో లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను నిరువురు విశాఖకు వచ్చిరి. 1933లో ప్రారంభమైన రేవుగాని, తరువాతి ఉక్కు కర్మాగారముగాని నాడు లేవు. అది కుంపిణీవారి కోటయు, కొలది వీధులును గల తీరపట్టణము. ఆ యిరువురికి తెలుగు రాదు. చేతనున్నది యౌవనము, కాలము మాత్రమే. వారు భాష నేర్చిరి, బడి పెట్టిరి, సువార్తలను తెనిగింప బూనిరి.

ఈ పనిలో వారికి కుడిభుజమైనవాడు ఆనందరాయరు. ఇతడు బ్రాహ్మణకులమున బుట్టి క్రైస్తవుడైనవాడు. దొరలకు సంకల్పమున్నను తెలుగు పలుకుబడి లేదు. ఆనందరాయరికి పలుకుబడి గలదు. ఎవరికి లభించినది వారు కూర్చినందుననే గ్రంథము నిలిచినది. చరిత్రకారులు దొరల పేర్లు ముందు వ్రాసిరిగాని, తలాంతుల లెక్కలో ఆనందరాయరి పాలు చిన్నది కాదు.

క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారికి లభించిన వ్యవధి అయిదేండ్లకు మించలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తల అచ్చుప్రతులు వారు కన్నులార చూడలేదు. వంగదేశమున విలియం కేరీ బృందము శ్రీరాంపూరున నడిపిన ముద్రణాలయమునుండి 1812లో అవి వెలువడెను. ఆ బృందము బాప్టిస్టులది. విశాఖవారిది వేరొక సంఘము. అయినను ఒకరి యనువాదమునకు వేరొకరి అచ్చు తోడ్పడెను. ఆ యేటి మార్చిలోనే ఆ ముద్రణాలయము అగ్నికి ఆహుతియై, పెక్కు భాషల అచ్చుసీసములు కరగిపోయెను. పనివారు కరగిన లోహముతోనే మరల అక్షరములు పోతపోసిరి.

విశాఖలో ఎడ్వర్డు ప్రిచెట్ పని కొనసాగింపగా, క్రొత్త నిబంధన యంతయు 1818లో మదరాసున అచ్చయ్యెను. 1840లో వచ్చిన జాన్ హే యర్ధశతాబ్దము విశాఖలోనే యుండి, బడులను నడపుచు, తెలుగు పాఠమును సంస్కరించు పనిలో పాల్గొనెను. తొలి యనువాదము నిర్దుష్టమని యెవరును చెప్పలేదు. నిర్దుష్టమగువరకు దాచియుంచినచో అదియు షుల్జ్ ప్రతులవలెనే మరుగునబడి యుండెడిది.

మతము లేవైనను ఈ చరిత్ర మనకందరకు వర్తించును. గ్రంథాలయము ఒకరి సొత్తు కాదు. అది దాతలు మనయందుంచిన నిక్షేపము. బీరువాలో తాళమువేసి, నలగకుండ, చెదపట్టకుండ కాపాడిన పుస్తకము పాతిపెట్టిన తలాంతు వంటిది. పదిమంది చదివి, అంచులు నలిగి, అట్ట మార్పించుకొన్న పుస్తకమే వ్యాపారము చేసిన తలాంతు. రజతోత్సవ మనగా 25 ఏండ్ల వెండికి లెక్క చెప్పు దినము. ఎన్ని పుస్తకములున్నవని కాక, ఎన్ని పుస్తకము లెందరి యిండ్లకు పోయి వచ్చినవని యీ దినమున లెక్క చూచుకొందముగాక. అక్షరము వచ్చిన ప్రతి చందాదారుడును, అక్షరము రాని పొరుగువాని కొక్క పుటయైన చదివి వినిపించినచో, రాబోవు 25 ఏండ్ల లెక్క మన బిడ్డలు తలయెత్తి చెప్పగలరు.