కేకాన్ఫిగ్

కేకాన్ఫిగ్ అనేది లినక్సు కెర్నలును నిర్మించే ముందు అందులో ఏయే భాగాలు ఉండాలో ఎంచుకోవడానికి వాడే ఆకృతీకరణ భాష. ఆ భాషను చదివే ఉపకరణాలను కూడా కలిపి ఇదే పేరుతో వ్యవహరిస్తారు. రోమన్ జిప్పెల్ రూపొందించిన ఈ పద్ధతి 2002 అక్టోబరులో 2.5.45 వెర్షనుతో కెర్నలులో చేరింది. ఒకే సోర్సు కోడు నుండి ఎక్స్86, ఆర్మ్, పవర్‌పీసీ, ఎస్390, మిప్స్, రిస్క్-ఫైవ్ వంటి వేర్వేరు ప్రాసెసరు నిర్మాణాలకు కెర్నలును తయారు చేయడంలో ఇది కీలకమైనది. ఎంపికలను ఏ నిర్మాణానికి ఆ నిర్మాణం విడిగా రాసుకోవాలా, లేక అన్నిటికీ ఉమ్మడిగా ఒకే చోట రాయాలా అన్నది దీని చరిత్రలో ప్రధానమైన ప్రశ్న.

అవసరం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలలో ఒక దుకాణంలో లినక్సు కంప్యూటరు ఉన్నదనుకుంటే, అందులో సాధారణంగా ఎక్స్86 ప్రాసెసరు ఉంటుంది. ఆ దుకాణదారు చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో సాధారణంగా ఆర్మ్ ప్రాసెసరు ఉంటుంది. రెండింటిలోను నడిచేది లినక్సు కెర్నలే. ఫైళ్ళ వ్యవస్థలు, నెట్‌వర్కు, గూఢలిపి వంటి భాగాల కోడు చాలావరకు రెండింటికీ ఒకటే. యంత్రం మొదలయ్యే తీరు, మెమరీ నిర్వహణ, అంతరాయాల నిర్వహణ వంటివి మాత్రం ప్రాసెసరును బట్టి మారతాయి.

కెర్నలులో పదివేలకు పైగా ఎంపికలు ఉన్నాయి. సామాన్య వాడుకరికి ఇవి కనిపించవు. తెలుగు ఆపరేటింగు సిస్టము స్వేచ్ఛ వంటి లినక్సు పంపిణీలను వాడేవారికి, ఈ ఎంపికలు ముందే నిర్ణయమైన కెర్నలు అందుతుంది. ఒక పరికరపు డ్రైవరుకు సంబంధించిన ఎంపిక ఆ నిర్మాణపు జాబితాలోకి రాకపోతే, డ్రైవరు కోడు కెర్నలులో ఉన్నప్పటికీ ఆ యంత్రానికి అది లేనట్లే.

పనిచేసే విధానం

కెర్నలులోని దాదాపు ప్రతి విభాగపు డైరెక్టరీలో కేకాన్ఫిగ్ అనే పేరుతో ఒక ఫైలు ఉంటుంది. అందులో ప్రతి ఎంపికకు ఒక పేరు, రకం, ఆధారాలు, సహాయ వివరణ రాస్తారు. బూల్ రకానికి అవును, కాదు అనే రెండు విలువలు ఉంటాయి. ట్రైస్టేట్ రకానికి వీటితోపాటు మాడ్యూలు అనే మూడవ విలువ కూడా ఉంటుంది. అంకెలకు, పదాలకు వేరే రకాలున్నాయి.

ఎంపికల మధ్య సంబంధాలను ముఖ్యంగా రెండు ఆదేశాలు నిర్ణయిస్తాయి.

* డిపెండ్స్ ఆన్: పేర్కొన్న ఆధారం ఉంటేనే ఈ ఎంపిక అందుబాటులోకి వస్తుంది.
* సెలెక్ట్: ఈ ఎంపికను తీసుకుంటే పేర్కొన్న మరొక ఎంపిక కూడా తప్పనిసరిగా చేరుతుంది.

వాడుకరి మెనూకాన్ఫిగ్, ఎక్స్‌కాన్ఫిగ్ వంటి ఉపకరణాలతో చేసిన ఎంపికలు డాట్ కాన్ఫిగ్ అనే ఫైలులో నమోదవుతాయి. మేక్‌ఫైళ్ళు ఆ విలువలను చదివి ఏ ఫైలును కెర్నలులో కలపాలో, దేనిని మాడ్యూలుగా ఉంచాలో, దేనిని విడిచిపెట్టాలో నిర్ణయిస్తాయి.

చరిత్ర

కేకాన్ఫిగ్‌కు ముందు సీఎంఎల్1 అనే భాష వాడుకలో ఉండేది. ప్రతి నిర్మాణానికి కాన్ఫిగ్.ఇన్ అనే సొంత మూలఫైలు ఉండేది. సహాయ వివరణలన్నీ వేరొక చోట, ఒకే పెద్ద ఫైలులో ఉండేవి. ప్రశ్నలు అడిగే స్క్రిప్టు, మెనూ, కిటికీల రూపం ఈ మూడూ ఆ భాషను వేర్వేరుగా చదివేవి. అందువలన ఒకదానిలో సరిగా కనిపించినది మరొకదానిలో తేడాగా కనిపించే అవకాశం ఉండేది.

దీనికి బదులుగా ఎరిక్ రేమండ్ 2000వ సంవత్సరంలో పైథాన్ భాషలో సీఎంఎల్2ను చేపట్టాడు. కెర్నలు నిర్మాణానికి పైథాన్ తప్పనిసరి కావడం, మార్పులన్నీ ఒక్కసారిగా రావడం కెర్నలు అభివృద్ధికారులలో చాలామందికి నచ్చలేదు. 2002 నాటికి ఆ ప్రయత్నం ఆగిపోయింది. జిప్పెల్ పద్ధతి సీ భాషలో రాయబడినది. పాత ఫైళ్ళను కొత్త భాషలోకి మార్చే ఉపకరణం కూడా దానితో వచ్చింది. సహాయ వివరణ ఎంపిక పక్కకే చేరింది.

నిర్మాణాల మధ్య ఎంపికల అమరిక

భాష మారినా, మొదట్లో పాత అమరికే కొనసాగింది. ప్రతి నిర్మాణపు కేకాన్ఫిగ్ ఫైలే మూలఫైలు. డ్రైవర్లు, నెట్‌వర్కు, ఫైళ్ళ వ్యవస్థల ఫైళ్ళను అదే పిలుచుకునేది. ఒక ఉమ్మడి ఫైలు కొత్తగా వస్తే అన్ని నిర్మాణాలలోను విడివిడిగా చేర్చవలసి వచ్చేది. ఒకే ఎంపిక అనేక చోట్ల నకలుగా ఉండి, కాలక్రమంలో వాటి మాటలు, ఆధారాలు వేరైపోయేవి. తక్కువమంది నిర్వాహకులున్న నిర్మాణాలు ఈ మార్పులలో వెనుకబడే ప్రమాదం ఎక్కువ.

దీనికి పరిష్కారంగా స్థిరపడిన పద్ధతిలో ఎంపికను ఉమ్మడి ఫైలులో ఒక్కసారే రాస్తారు. దానికి ఆధారంగా, వాడుకరికి కనిపించని మరొక ఎంపికను నిర్వచిస్తారు. ఆ సౌకర్యం ఉన్న నిర్మాణం ఈ దాగిన ఎంపికను సెలెక్ట్ చేస్తుంది. ఉదాహరణకు, కేప్రోబ్స్ అనే ఎంపిక హ్యావ్ కేప్రోబ్స్ అనేదానిపై ఆధారపడుతుంది. తనకు ఆ సౌకర్యం ఉన్నదని చెప్పడం వరకే నిర్మాణం పని. దానిని వాడాలా వద్దా అన్నది కెర్నలును తయారు చేసేవారి నిర్ణయం.

ఈ దిశగా జరిగిన ముఖ్యమైన మార్పులు:

* 2008 జనవరిలో విడుదలైన 2.6.24లో 32 బిట్ల ఐ386, 64 బిట్ల ఎక్స్86-64 విభాగాలు ఎక్స్86 అనే ఒకే డైరెక్టరీ కిందికి వచ్చాయి.
* 2018లో విడుదలైన 4.19లో క్రిస్టఫ్ హెల్విగ్ మార్పులతో ఉమ్మడి ఫైళ్ళను పిలిచే బాధ్యత నిర్మాణాల నుండి అగ్రస్థాయి కేకాన్ఫిగ్ ఫైలుకు మారింది.
* 2019 మార్చిలో విడుదలైన 5.0లో, అప్పటివరకు అనేక నిర్మాణాలలో విడివిడిగా ఉన్న పీసీఐ ఎంపిక ఒకే చోటికి చేరి, హ్యావ్ పీసీఐ అనేదానిపై ఆధారపడింది.

ఆర్మ్ డిఫ్‌కాన్ఫిగ్‌ల సమస్య

ఒక యంత్రానికి తగిన ఎంపికలను ముందే నమోదు చేసి ఉంచిన ఫైలును డిఫ్‌కాన్ఫిగ్ అంటారు. ఆర్మ్ విభాగంలో బోర్డు బోర్డుకూ ఇటువంటి ఫైలు చేరుతూ వచ్చింది. వాటిలో అధికభాగం ఒకేరకమైన వరుసలే. 2010లో లినస్ టోర్వాల్డ్స్ దీనిపై తీవ్ర అభ్యంతరం తెలిపాడు. సహజ విలువకు భిన్నమైన ఎంపికలను మాత్రమే భద్రపరిచే సేవ్‌డిఫ్‌కాన్ఫిగ్ ఆదేశం అదే సంవత్సరం 2.6.36లో వచ్చింది. దానితో ఈ ఫైళ్ళు బాగా కుదించుకుపోయాయి. 2012 డిసెంబరులో విడుదలైన 3.7 నుండి పలు ఆర్మ్ వేదికలపై నడిచే ఒకే కెర్నలును తయారు చేయడం సాధ్యమయింది.

పరిమితులు

సెలెక్ట్ ఆదేశం తాను చేర్చే ఎంపికకు ఉన్న ఆధారాలను పట్టించుకోదు. ఆధారం లేని నిర్మాణంపై ఇది కంపైలు లోపాలకు దారితీయవచ్చు. అందుచేత దానిని వాడుకరికి కనిపించనివి, వేరే ఆధారాలు లేనివి అయిన ఎంపికలకే పరిమితం చేయాలని కెర్నలు పత్రాలు సూచిస్తాయి.

అభివృద్ధికారులలో ఎక్కువమంది యంత్రాలు ఎక్స్86వి. వేరే నిర్మాణానికే పరిమితమైన డ్రైవరులో దోషం వారి దృష్టికి రాకుండా పోవచ్చు. 2013లో 3.11తో వచ్చిన కంపైల్ టెస్ట్ ఎంపిక, అటువంటి డ్రైవర్లను నడపకపోయినా కంపైలు చేసి చూడడానికి వీలు కల్పిస్తుంది.

ఇతర ఉపయోగాలు

బిజీబాక్స్, బిల్డ్‌రూట్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, యూ-బూట్, కోర్‌బూట్, జెఫిర్ ప్రాజెక్టులు కూడా కేకాన్ఫిగ్ భాషను వాడుతున్నాయి. మద్రాసు ఐఐటీ వారి శక్తి ప్రాసెసర్లకు ఆధారమైన రిస్క్-ఫైవ్ నిర్మాణం 2018 జనవరిలో 4.15తో లినక్సులో చేరింది. అటువంటి కొత్త నిర్మాణం వచ్చినపుడు వేలకొద్దీ ఉమ్మడి ఎంపికలను తిరిగి రాయనవసరం లేదు. తనలో ఏయే సౌకర్యాలున్నాయో తెలిపితే చాలు.

ఇవి కూడా చూడండి

* లినక్సు
* కెర్నలు
* ఆపరేటింగు సిస్టము