గుయ్‌యు ఈ-చెత్త, కంపెనీల హామీలు

చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, షాంటౌ నగర పరిధిలోని గుయ్‌యు పల్లపు ప్రాంతం. వరదలకు పంట దక్కక అక్కడి రైతులు ఏనాటి నుంచో పాత సామాను కొని అమ్ముకుంటూ బతికేవారు. 1990ల నాటికి అమెరికా, జపాన్, ఐరోపాల పాత కంప్యూటర్లు హాంకాంగ్ మీదుగా వచ్చిపడటంతో ఆ వ్యాపారం ఈ-చెత్తకు మళ్లింది.

పని ఇళ్లలోనూ పెరళ్లలోనూ సాగేది. సర్క్యూట్ బోర్డును బొగ్గుల పొయ్యి మీద వేడిచేసి, టంకం కరగగానే చిప్పులను ఊడదీసేవారు. బంగారం కోసం వాటిని యాసిడ్‌లో నానబెట్టి, మిగిలిన నీళ్లను ఏటిలో పారబోసేవారు. ప్లాస్టిక్ ముక్కను లైటర్‌తో కాల్చి, వాసనను బట్టి రకం తేల్చేవారు. భూగర్భజలం పాడై, తాగునీటిని బయటి నుంచి లారీల్లో తెచ్చుకోవలసి వచ్చింది. షాంటౌ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పరీక్షించిన చిన్నపిల్లల్లో 80 శాతానికి పైగా రక్తంలో సీసం అప్పటి పరిమితిని మించింది.

ప్రమాదకర వ్యర్థాల రవాణాను నియంత్రించే బాసెల్ ఒప్పందం 1992లోనే అమల్లోకి వచ్చింది. అమెరికా సంతకం చేసింది గానీ ఆమోదించలేదు. పైగా ‘తిరిగి వాడే సరుకు’ అన్న పేరుతో చెత్త సులువుగా సరిహద్దులు దాటేది. 2002లో బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ అనే స్వచ్ఛంద సంస్థ నివేదిక గుయ్‌యును లోకం దృష్టికి తెచ్చింది. 2006లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ ఎలక్ట్రానిక్స్ కంపెనీలకు పర్యావరణ పద్ధతులపై మార్కులు వేయడం మొదలుపెట్టింది. ఉత్తర అమెరికాలో సేకరించిన ఈ-చెత్తను విదేశాలకు పంపడం లేదని 2007లో ఆపిల్ ప్రకటించింది. పనిచేయని పరికరాలను వర్ధమాన దేశాలకు ఎగుమతి చేయబోమని 2009లో డెల్ చెప్పింది.

అయితే కంపెనీల నివేదికల్లో ప్రధానంగా కనిపించేది సేకరించిన బరువు. పరికరం రీసైక్లర్ నుంచి దళారికి చేతులు మారాక ఎటు పోయిందో ఆ లెక్క చెప్పదు. అందుకే బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ పాత పరికరాల్లో ట్రాకర్లు అమర్చి అమెరికాలోని సేకరణ కేంద్రాల్లో ఇచ్చింది. 2016లో వెల్లడైన ఫలితాల ప్రకారం దాదాపు మూడో వంతు విదేశాలకు చేరాయి. వాటిలో డెల్ భాగస్వామ్య కేంద్రాల్లో ఇచ్చినవి కూడా కొన్ని ఉన్నాయి.

2015 ప్రాంతంలో గుయ్‌యు పనివారిని పారిశ్రామిక పార్కులోకి తరలించారు. 2018 నుంచి చైనా వ్యర్థాల దిగుమతులపై ఆంక్షలు బిగించడంతో సరుకు థాయ్‌లాండ్ వంటి దేశాల దారి పట్టింది. 2025 జనవరి 1 నుంచి బాసెల్ ఒప్పందం కింద, ప్రమాదకరమైనా కాకపోయినా, ఈ-చెత్త ఏదైనా సరే దిగుమతి దేశపు ముందస్తు అనుమతి లేకుండా పంపకూడదు.