చంద్రగిరి: దండు నిలిచిన దుర్గము

దుర్గమనగానే మనకు రాజులును, యుద్ధములును తలపునకు వచ్చును. రాజు వచ్చును, పోవును. కావలిదండు మాత్రము అచ్చటనే కాపురముండును. నేడు ఆ దండును తలచుకొని చంద్రగిరిని చూడగోరుచున్నాను.

తిరుపతికి పడమట, స్వర్ణముఖీ నదికి చేరువను ఈ దుర్గము కలదు. క్రీ.శ. 1000 ప్రాంతమున యాదవరాజులు కట్టించిరని ప్రతీతి. చంద్రగిరి నేలిన సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనమెక్కెను. 1565లో తళ్ళికోట యుద్ధమున ఓటమి కలిగినపిమ్మట రాజధాని పెనుగొండకును, వేంకటపతిరాయల కాలమున (1586–1614) చంద్రగిరికిని తరలెను. 1646 ప్రాంతమున గోల్కొండవారును, 1782లో హైదరాలీయు దీనిని పట్టుకొనిరి. 1792 నాటి శ్రీరంగపట్టణ సంధి వఱకు ఇది మైసూరువారి చేతిలో నుండెను.

ఏలికలు మారినను కావలివాని కష్టము మారలేదు. కొండపై నున్నవానికి గింజలు క్రిందినుండియే రావలెను. నీరు చాలకున్న ఎంతటి గోడయు వానిని కాపాడజాలదు. అందుచేతనే దుర్గమునందు కొలనులు ప్రాకారములంత ముఖ్యములు. దిగువను రాజమహలు, రాణీమహలు నేటికిని నిలిచియున్నవి. మూడంతస్తుల రాజమహలును కలప లేకయే రాయి, ఇటుక, సున్నములతో కట్టిరి. అందిప్పుడు పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల యున్నది.

నేను ఉపాధ్యాయుడనై యున్నపుడు ఒకసారి పిల్లలను అచ్చటికి తీసికొనిపోయితిని. ఒక బాలుడు మేకుతో గోడమీద తన పేరు గీయుచుండగా కోపించి చేయి పట్టుకొంటిని. వాడు బెదరక, “అయ్యా! రాజుల పేర్లు చెప్పితిరి. ఈ రాళ్లు మోసినవారి పేర్లు, రాత్రులు కావలి కాచినవారి పేర్లు ఎచ్చట నున్నవి?” అని యడిగెను. నాకు మాట రాలేదు. కొంతసేపటికి, “నాయనా! ఈ గోడయే వారి వ్రాలు. దానిమీద నీ వ్రాలు చేసితివేని వారిది చెరిపినట్లగును” అంటిని. వాడు మేకును నా చేతిలో పెట్టెను. దానిని నేటికిని దాచియుంచితిని.

పెద్దలారా! మీ యూళ్లలోను పాత బురుజులు, శాసనపు రాళ్లు ఉండును. వానిని గోడకట్టుటకో, గట్టు వేయుటకో పెకలింపనీయకుడు. పేరులేని మన పూర్వులకు మిగిలిన గురుతు అదియే.