నిలువుకాళ్ళ కొలువు

మన పల్లెలనుండి హైదరాబాదు, విజయవాడ, చెన్నపట్టణము మొదలగు నగరములకు పోయి, అంతస్తులు గల పెద్ద బట్టల అంగళ్ళలోను, సకల వస్తువులును ఒక్కచోట దొరకెడి డిపార్టుమెంటు స్టోరులలోను కొలువునకు కుదిరిన పిల్లలు పెక్కుమంది కలరు. వారు పండుగకు ఇల్లు చేరినప్పుడు పని యెట్లున్నదని పెద్దలు అడుగుదురు. “నీడపట్టున పని తాతా, వచ్చినవారికి బట్టలు చూపుటయే” అని వారు బదులు చెప్పుదురు. ఎండలో నాగలి పట్టిన మనకు ఫ్యానుగాలి క్రింద చీరలు విప్పి చూపుట ఒక కష్టముగా తోచదు. తోచకపోవుట సహజమే. అయినను ఈ కొలువునకు నూటయేబది సంవత్సరములకు మించిన చరిత్రము కలదు. ఆ చరిత్రములో దేశదేశముల పనివారు ఒక చిన్న వస్తువు కొరకు దీర్ఘకాలము పోరాడవలసివచ్చెను. ఆ వస్తువు రత్నము కాదు, బంగారము కాదు. కూర్చుండుటకు ఒక పీట. ఆ పీట కథనే నేడు మనవి చేయదలచితిని.

మొదట మన పాత బట్టలకొట్టును జ్ఞప్తికి తెచ్చుకొందము. గడప దాటగానే తెల్లని దుప్పటి పరచిన పరుపు, వెనుక బాలీసులు, ప్రక్కన గల్లాపెట్టె. వర్తకుడు పరుపుమీద కూర్చుండును. కొనవచ్చినవాడును చెప్పులు వాకిట విడిచి పరుపుమీదనే కూర్చుండును. గుమాస్తా బీరువాలోని తానులు తెచ్చి, తానును కూర్చుండి విప్పి చూపును. ధర చెప్పుట, తగ్గించి అడుగుట, కాదనుట, లేచిపోవుట, మరల పిలుచుట, ఇదంతయు ఒక పూట వ్యవహారము. బేరములో మోసము లేకపోలేదు. కాని బేరము సాగినంతసేపు అమ్మువాడును కొనువాడును ఒకే యెత్తున కూర్చుండిరన్నమాట గమనింపదగినది.

పడమటి దేశములలో ఈ పాత వర్తకపు పద్ధతిని మార్చినవారిలో ముఖ్యుడు అరిస్టిడ్ బూసికో అను ఫ్రెంచివాడు. ఇతడు 1810లో ఒక చిన్న యూరిలో టోపీల వర్తకుని కొడుకుగా పుట్టెను. ప్యారిసు నగరమునకు వచ్చి ఒక అంగడిలో గుమాస్తాగా పనిచేసి, 1852లో ‘బాన్ మార్షే’ అను కొట్టులో భాగస్వామి అయ్యెను. 1863 నాటికి దానినంతను తన వశము చేసికొనెను. ప్రతి వస్తువునకును ధర వ్రాసియుంచుట, ఆ ధరకు రాజునకైనను పేదకైనను ఒకేరీతి నమ్ముట, కొనకున్నను లోపలికి వచ్చి చూచిపోవచ్చుననుట, నచ్చని సరకును తిరిగి తీసికొనుట, లాభము కొంచెముగా నుంచుకొని సరకును వేగముగా కదలించుట అనునవి ఆయన యాచరించిన సూత్రములు. వీనిలో ప్రతిదియు ఆయనయే కనిపెట్టినది కాదు. కాని అన్నిటిని ఒక్కచోట కూర్చి మహావ్యాపారముగా నడపినవాడు ఆయన. 1869లో క్రొత్త భవనమునకు శంకుస్థాపన జరిగెను. ఆరంభమున వ్రేళ్ళమీద లెక్కింపదగిన గుమాస్తాలున్న ఆ కొట్టులో 1880 ప్రాంతమునకు 1700 మందికి పైగా పనివారుండిరి.

బేరము పోవుటతో కొనువారికి గొప్ప మేలు కలిగినది. ఏమియు తెలియని పల్లెటూరి స్త్రీ పోయినను మోసపోవునన్న భయము తగ్గినది. కాని అమ్మువాని స్థితి మారిపోయెను. ధర చెప్పు అధికారము వానికి లేదు. తగ్గించు అధికారమును లేదు. వానికి మిగిలిన పని సరకు చూపుట, వినయముగా మాటాడుట, సిద్ధముగా నిలుచుండుట. కూర్చుండి బేరమాడిన వర్తకుని స్థానమున బల్ల వెనుక నిలుచున్న సేవకుడు వచ్చెను.

అట్టి కొలువునకు మనుష్యుని ఎట్లు ఎంచుదురు? వస్తువును పరీక్షించినట్లే. ఎమీల్ జోలా అను ఫ్రెంచి రచయిత బాన్ మార్షే వంటి అంగళ్ళను స్వయముగా దర్శించి, వివరములు వ్రాసికొని, 1883లో ఒక నవల ప్రకటించెను. అందు చిన్న యూరినుండి వచ్చిన పేదపిల్ల యొకతె పనికై పోవును. ఇదివర కెక్కడ పనిచేసితివి, చెప్పువా రెవరైన కలరా అని అడుగుదురు. అంతకంటె ముఖ్యముగా ఆమె ముఖమును, దేహమును, వేషమును తేరిపార జూతురు. ఆమెకు పని దొరకును. దొరకిన పిమ్మట ప్రొద్దస్తమానము నిలిచి పాదములు వాచి రాత్రి కన్నీరు పెట్టుకొనును. ఇది కల్పితకథయే యైనను అందలి కష్టము కల్పితము కాదు.

బూసికో దంపతులు కఠినహృదయులని నేను చెప్పను. వారు పనివారికి భోజనము పెట్టిరి. సాయంకాలము భాషలును సంగీతమును నేర్పించిరి. 1876లో పొదుపునిధి నేర్పరచిరి. అరిస్టిడ్ 1877లో చనిపోగా, అత్యంత దారిద్ర్యములో పుట్టి పెరిగిన ఆయన భార్య మార్గరీతు 1886లో పనివారికి వృద్ధాప్యవేతనపు నిధిని స్థాపించెను. ఆ కాలమున అది సామాన్యమైన ఔదార్యము కాదు. అయినను అది యజమాని యిచ్చిన వరమేకాని పనివాని హక్కు కాదు. 1869లో ప్యారిసు అంగళ్ళ గుమాస్తాలు పని గంటలు తగ్గింపుమనియు, ఆదివారము సెలవిమ్మనియు సమ్మె చేసినప్పుడు అది నెగ్గలేదు. వరమునకును హక్కునకును గల భేద మట్టిది.

ఇంగ్లండులో స్థితి ఇంకను చిక్కైనది. అచ్చటి బట్టల అంగళ్ళలో పనివారు యజమాని చూపిన వసతిలోనే పండుకొని, యజమాని పెట్టినదే తినవలెను. దానిని జీతములో భాగముగా లెక్కించెడివారు. ఒక్కొక గదిలో పెక్కుమంది పడకలు, రాత్రి ఇన్ని గంటలకు తలుపు మూయబడును, ఆలస్యమైన జరిమానా. అంగడిలోను జరిమానాలే. చీటీలో తప్పు పడిన జరిమానా, వచ్చినవారు కొనక పోయిన మందలింపు. కొన్ని యంగళ్ళలో ఇట్టి నియమములు నూటికి మించియుండెను. పనికై వచ్చువారు నల్లని దుస్తులు తమ సొంత సొమ్ముతో కుట్టించుకొని రావలెను. పని పోయినచో పూటకూడును, పడకయు గూడ ఒక్కనాడే పోవును. అందుచేత నోరెత్తువారు అరుదు. ప్రసిద్ధ రచయిత యైన హెచ్. జి. వెల్సు బాల్యమున రెండేండ్లు ఇట్టి కొట్టులో శిష్యుడుగా నుండి, ఓర్వలేక విడిచిపోయెను.

ఈ మౌనమును భంగపరచినవారిలో మార్గరెట్ బాండ్‌ఫీల్డు ముఖ్యురాలు. ఈమె 1873లో జన్మించి, పదునాలుగవ యేట బట్టలకొట్టు కొలువున చేరెను. లండనులో పనివారి సంఘమున చేరి, పేరు మార్చుకొని పత్రికలకు వ్రాసెను. 1896 మొదలు రెండేండ్లు ఒక స్త్రీల పరిశోధన సంఘము పక్షమున అంగడి తరువాత అంగడిలో పనికి కుదురుచు, లోపలి సంగతులు చూచి నివేదించెను. పని యడుగు ప్రతి పర్యాయము ఆ పరీక్షకు నిలిచి, ఆ పడకలో పండుకొని, ఆ కూడు తిని తెలిసికొన్న సత్యములు గనుక వానికి విలువ కలిగెను. బల్ల వెనుక నిలిచిన ఈ పిల్లయే 1929లో బ్రిటిషు మంత్రివర్గమున కార్మికశాఖామంత్రి యయ్యెను. ఆ దేశపు క్యాబినెట్టులో కూర్చున్న మొదటి స్త్రీ ఆమెయే.

ఇక పీట సంగతి. ఇంగ్లండులో సర్ జాన్ లబ్బక్ అను పార్లమెంటు సభ్యుడుండెను. ఆయన బ్యాంకు యజమాని. చీమలను తేనెటీగలను పరిశీలించి గ్రంథము వ్రాసిన శాస్త్రజ్ఞుడు. 1871లో బ్యాంకు సెలవుల చట్టము తెచ్చినవాడు. ఆయన అంగళ్ళ పనివారి పక్షము వహించెను. 1886లో వచ్చిన చట్టము పదునెనిమిదేండ్ల లోపు పిల్లలచేత వారమునకు 74 గంటలకు మించి పని చేయింపరాదని శాసించెను. డెబ్బదినాలుగు గంటలు ఉపశమనముగా నెంచబడినవనిన, అంతకు మున్నెట్లుండెనో మీరే ఊహింపుడు. పిమ్మట 1899లో అంగళ్ళలోని స్త్రీలకు పీటల చట్టము వచ్చెను. ముగ్గురు స్త్రీలకు ఒక పీట చొప్పుననైన బల్ల వెనుక ఉంచవలెనని దాని సారము. మరుసటి యేడు, 1900 డిసెంబరులో, ఫ్రాన్సు మరియొక యడుగు ముందునకు వేసి, ఎందరు స్త్రీలో అన్ని పీటలుండవలెనని చట్టము చేసెను.

ముగ్గురికి ఒక పీట! నేడు వినుటకు నవ్వు వచ్చును. కాని ఆ పీటయైనను చాలచోట్ల అలంకారముగానే నిలిచెను. పీట యున్నది, కూర్చున్న పిల్ల సోమరి యని పై యధికారి కన్నెఱ్ఱజేయును. పీట వేయుమని చట్టము చెప్పగలదు. కూర్చుండుటకు ధైర్యము మాత్రము పనివారు కలిసికట్టుగా నిలిచిననే కలుగును.

ఈ సంగతి అమెరికాలో విచిత్రముగా ఋజువయ్యెను. 1937 ఫిబ్రవరి 27వ తేదీన డెట్రాయిటు నగరములో వూల్‌వర్తు కంపెనీవారి చౌకవస్తువుల అంగడిలో వందకు మించిన పడుచులు ఒక్కసారిగా పని నిలిపి అంగడిలోనే కూర్చుండిరి. బయటికి పోలేదు, పనియు చేయలేదు. వారము దినములు అందే తిని, అందే పండుకొని, తుదకు జీతములు పెంచుకొని బయటికి వచ్చిరి. నిలుచుండుటయే వృత్తిగా గలవారు కూర్చుండి గెలిచిరి.

ఆ దేశముననే బల్ల వెనుక నిలుచు భాగ్యమైనను అందరికి లేకుండెను. న్యూయార్కు నగరమున హార్లెము పేటలో కొనువారిలో పెక్కుమంది నల్లజాతివారు. వారి డబ్బు గల్లాపెట్టెలో పడవచ్చును గాని, వారి బిడ్డ బల్ల వెనుక నిలువరాదు. తుడుచుపనులు, మూటలు మోయు పనులు మాత్రమే వారికి. 1934లో అచ్చటి పెద్దలు, మతగురువులు కలిసి, మాకు పని యియ్యని చోట మేము కొనమని బ్లూమ్‌స్టయిను అను పెద్ద అంగడి యెదుట నిలిచిరి. ఆ యేటి వేసవిలోనే యజమాని దిగివచ్చి నల్లజాతి స్త్రీలను అమ్మకపు పనికి తీసికొనుటకు ఒప్పుకొనెను. ఇంటర్వ్యూ గదిలో మన గుణమునకంటె ముందు మన రంగును తూచెడి త్రాసు ఎక్కడనైన నుండవచ్చునని ఈ కథ తెలుపుచున్నది.

ఇదంతయు పరదేశపు కథ, మనకేల యందురేమో. 1947లో చెన్నరాజధానిలో దుకాణముల చట్టము వచ్చెను. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాజధానిలోనివే గనుక అది మన గుమాస్తాలకును వర్తించినది. దినమునకు ఎనిమిది, వారమునకు నలువదియెనిమిది గంటల పని యని అది నిర్ణయించెను. గంటలను లెక్కించెను గాని, ఆ గంటలు నిలుచుండి గడుపవలెనా కూర్చుండి గడుపవచ్చునా యన్న ప్రశ్న దానికి తోచలేదు. బట్టలకొట్టులో పరుపు ఇంకను ఉన్న కాలమది. ఆ ప్రశ్న పుట్టలేదు. పరుపు పోయి గాజుబల్లలు వచ్చిన తరువాత పుట్టెను.

కేరళలోని కోళికోడు నగరమున బట్టల అంగళ్ళ స్త్రీలు ఉదయమునుండి రాత్రివరకు కూర్చుండుటకు వీలులేక, మరుగుదొడ్డికి పోవుటకు భయపడి నీరు త్రాగుటయే తగ్గించుకొనిరి. గోడకు ఆనుకొన్నను కెమెరాలో చూచి జీతము కోసిరని వారి మొఱ. పి. విజి యను కుట్టుపనివాని వృత్తి గల స్త్రీ వారిని ‘పెణ్‌కూట్టు’ అను సంఘముగా కూర్చెను. వారి పోరాటమునకు ‘కూర్చుండు సమ్మె’ యని పేరు. పెక్కేండ్ల పిమ్మట 2018లో కేరళ ప్రభుత్వము కూర్చుండు హక్కును శాసనము చేసెను. 2021లో తమిళనాడు శాసనసభ, ముందు చెప్పిన ఆ 1947 చట్టమునకే ఒక నిబంధన చేర్చి, అంగడి పనివారందరికి ఆసనముండవలెనని విధించెను. లండనులో 1899లో మొదలైన మాట మన పొరుగింటికి చేరుటకు నూటయిరువది సంవత్సరములు పట్టెను.

పెద్దలారా, మీ మనుమడో మనుమరాలో అట్టి కొలువునుండి పండుగకు వచ్చినప్పుడు జీతమెంత యని మాత్రమే అడుగక, కూర్చుండుటకు పీట యున్నదా, ఉన్నను కూర్చుండనిత్తురా, పోటుకాళ్ళకు రాత్రి వేడినీళ్ళు దొరకునా యని అడుగుడు. పెండ్లిచీరలకు మీరు పట్టణము పోయినప్పుడు మిమ్ము మెత్తని కుర్చీలలో కూర్చుండబెట్టి, ఒక పిల్ల నిలిచి ఏబది చీరలు విప్పి చూపును. చీరలు చాలునమ్మా, నీవును ఒక నిమిషము కూర్చుండుమని చెప్పుటకు చట్టము అక్కరలేదు. ఆ మాట మన పాత బట్టలకొట్టు పరుపుమీద ఎవరును చెప్పవలసిన పని లేకుండెను. నేడు చెప్పవలసియున్నది గనుక చెప్పుదము.