ఆరు చదరపు అడుగుల ఆకాశం

జహీరాబాద్‌కు సముద్రం చాలా దూరం. చుట్టూ ఎర్రనేల, చెరకు తోటలు, అల్లం మడులు. అయినా ఈ ప్రాంతానికి ఓడ ప్రయాణం కొత్తది కాదు. నిజాం కాలంలో బీదర్ జిల్లాలో ఉన్న ఈ తాలూకా నుంచి హజ్‌కు వెళ్లేవారికి దారి వికారాబాద్, వాడి మీదుగా బొంబాయి. అక్కడ క్రాఫర్డ్ మార్కెట్ దగ్గరి సాబూ సిద్దిఖ్ ముసాఫిర్‌ఖానా లాంటి చోట్ల దిగి, టీకాలు, టికెట్ల పని ముగించుకుని జెద్దా ఓడ ఎక్కాలి. అక్కడి నుంచి దాదాపు 2,300 నాటికల్ మైళ్ల నీటిదారి.

ఆ ఓడల్లో పేదవాడి టికెట్టు డెక్ టికెట్టే. అంటే గది ఉండదు. పై డెక్కు కింది అంతస్తులో వందలమంది మధ్య చాప పరుచుకోవాలి. ఎర్ర సముద్రపు ఉక్కలో ఊపిరాడాలంటే పైకి రావాలి. కానీ పైన సిబ్బంది పనిచేసే చోటు, మరుగుదొడ్లు, తాత్కాలిక ఆసుపత్రి పోగా యాత్రికుడికి మిగిలేదెంత? వందేళ్ల కిందట దేశాలన్నీ కూర్చుని తేల్చుకోవలసి వచ్చిన ప్రశ్న ఇది.

దానికి మూలం కలరా. 1865లో మక్కాలో వేలమంది యాత్రికులు కలరాతో చనిపోయారు. తిరుగు ప్రయాణాలతో జబ్బు ఈజిప్టుకు, అక్కణ్నుంచి ఐరోపాకు పాకింది. మరుసటి ఏడాదే కాన్‌స్టాంటినోపుల్‌లో అంతర్జాతీయ సమావేశం జరిగింది. 1882లో ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో క్వారంటైన్ కేంద్రం వెలసింది. మన దేశంలో 1895లో యాత్రికుల ఓడల చట్టం వచ్చింది. ఐరోపా భయమంతా తన గురించే. అయితే ఆ భయం వల్లే డెక్కు మనిషికి కొన్ని హక్కులు కాగితమెక్కాయి.

1926లో పారిస్‌లో కుదిరిన అంతర్జాతీయ ఆరోగ్య ఒప్పందం లెక్క కట్టి చెప్పింది. పిల్లలైనా పెద్దలైనా ఒక్కొక్కరికి కింది అంతస్తులో 16 చదరపు అడుగుల చోటు ఇవ్వాలి. రోజుకు కనీసం 5 లీటర్ల తాగునీరు ఉచితంగా పొయ్యాలి. పై డెక్కు మీద అదనంగా మనిషికి సుమారు 6 చదరపు అడుగుల ఖాళీ జాగా విడిచిపెట్టాలి. ఆసుపత్రి, మరుగుదొడ్లు, సిబ్బంది చోటు, ఓడ నడిపే పనులకు కావలసిన చోటు ఆ లెక్కలోకి రాకూడదు. కంపెనీ ఆ స్థలాన్ని చూపించి ‘ఇదే మీ వాటా’ అనడానికి వీల్లేదన్నమాట.

ఆరు చదరపు అడుగులంటే మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. నమాజు చేసే చాప, జానమాజ్, పరవడానికి కూడా చాలదు. అయినా అది దయ కాదు, హక్కు. స్నానానికి సముద్రపు నీటి గొట్టాలతో చాటు గదులు, వాటిలో కొన్ని ఆడవారికే ఉండాలనీ ఆ ఒప్పందం చెప్పింది. హజ్ దుస్తులు వేసుకోవాల్సిన హద్దు యలమ్లమ్ దగ్గరపడ్డాక, వందలమంది ఒకేసారి స్నానం చేసి ఆ దుస్తులు, అంటే ఇహ్రాం, కట్టుకునే ఓడలో ఆ చాటు విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

రాసినదంతా అమలైందని కాదు. యాత్రికుల ఇబ్బందులపై 1929లో ప్రభుత్వం హజ్ విచారణ సంఘాన్నే వేయాల్సి వచ్చింది. బంగాళాఖాతంలోనూ డెక్కు బతుకు అదే. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల నుంచి మన కూలీలు రంగూన్‌కు వెళ్లింది డెక్కు మీదే. 1915లో కలకత్తా నుంచి రంగూన్‌కు డెక్కు ప్రయాణం చేసిన గాంధీజీ అక్కడి మురుగును ఆత్మకథలో దాచకుండా రాశారు.

ముంబయి నుంచి హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి. 2022లో విశాఖ రేవుకు ‘ఎంప్రెస్’ క్రూజ్ ఓడ వచ్చింది. ఇప్పుడు ఓడంటే మనకు విహారం. ఈ ఓడల్లోనూ మూసిన తలుపులుంటాయి. ముందు భాగంలో లంగరు యంత్రాలు, బరువైన తాళ్లు ఉంటాయి కాబట్టి అక్కడికి రావద్దంటే అది ప్రాణరక్షణ కోసమే. కానీ కొన్ని ఓడల్లో పై డెక్కులోని మంచి చోట్లు ఖరీదైన సూట్లు తీసుకున్నవారికే. ఈ రెండు తలుపులూ ఒకటి కావు. పని కోసం మూసిన చోటును వేరు చేసి, మిగిలిన ఆకాశంలో ఆఖరి టికెట్టువాడికీ వాటా రాసిన 1926 నాటి ఆ పద్ధతి నేటి ఓడలకూ అవసరమే.

డెక్కు టికెట్టుతో జెద్దా వెళ్లొచ్చిన పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పై డెక్కు మీద తమకు దొరికిన చోటెంతో చెప్పగలవారు వాళ్లే. వాళ్లను అడిగి రాసిపెట్టుకోవడం మన పని.