గతుకుల దారిలో కారు కుదుపులు – కారణాలు, తగ్గించుకొనే మార్గాలు

దేవనహళ్ళి మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి బెంగళూరును హైదరాబాదుతో కలుపుతుంది. 2010లో నంబర్లు మార్చక ముందు ఇది 7వ నంబరు రహదారి. కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి, పేరేసంద్ర, చిక్కబళ్ళాపురం మీదుగా దేవనహళ్ళి చేరేవరకు కారులో కూర్చున్నవారికి పెద్దగా శ్రమ ఉండదు. శ్రమ అంతా రహదారి దిగిన తరువాతనే. రాతి క్వారీల టిప్పర్లు తిరిగే పల్లెదారులు, పనులు సగంలో ఉన్న పక్కరోడ్లు, ఎవరికి తోచినట్లు వారు కట్టిన హంపులు ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి.

హిందూపురం, పెనుకొండ, మడకశిర ప్రాంతాల కుటుంబాలు వైద్యానికి బెంగళూరు వెళ్ళి రావడం సాధారణం. శస్త్రచికిత్స చేయించుకొని ఇంటికి వచ్చేవారు, గర్భిణులు, నడుము నొప్పితో బాధపడే పెద్దలు ఈ దారులలోనే ప్రయాణిస్తారు. వారి విషయంలో కుదుపు తగ్గించడం విలాసంగా ఎంచవలసినది కాదు. ఖర్చు లేకుండా, లేదా స్వల్ప ఖర్చుతో చేయదగిన పనులు ఎన్నో ఉండగా, అనవసరమైన వాటికి వేలు పోయడం తరచుగా కనిపిస్తుంది.

కుదుపు మనదాకా ఎలా చేరుతుంది?

నేలకూ మనకూ మధ్య ముఖ్యంగా మూడు అడ్డుగోడలు ఉన్నాయి: టైరులోని గాలి, స్ప్రింగు, సీటు. షాక్ అబ్జార్బరు పేరును బట్టి కుదుపును మింగేది అదేనని చాలామంది భావిస్తారు. నిజానికి మింగేవి టైరు, స్ప్రింగు. ఒకసారి అణగిన స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా పట్టి ఆపడం షాక్ అబ్జార్బరు పని. అందులోని నూనె సన్నని రంధ్రాల గుండా పోతూ ఆ ఊపును వేడిగా మారుస్తుంది.

సాధారణమైన కారు తన స్ప్రింగులపై సెకనుకు ఒకటి నుండి ఒకటిన్నర సార్లు ఊగేలా తయారుచేస్తారు. కూర్చున్న మనిషి దేహాన్ని ఎక్కువగా బాధించేవి సెకనుకు 4 నుండి 8 సార్లు వచ్చే నిలువు కదలికలు. స్ప్రింగు గట్టిపడినకొద్దీ కారు ఊపు వేగమై ఆ బాధాకరమైన హద్దు వైపు జరుగుతుంది. మరీ నెమ్మదిగా, అయిదు సెకన్లకు ఒకసారి చొప్పున పైకీ కిందకీ ఊగినా సుఖం లేదు. పడవలో వలె కడుపులో తిప్పి వాంతులు కలిగించేది ఆ రకం ఊపే. కాబట్టి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదన్న మాట సరికాదు.

బరువు మోసేందుకు కట్టిన బండి ఖాళీగా ఎందుకు ఎగురుతుందో కూడా దీనితోనే తెలుస్తుంది. వెనుక కమాన్ కట్టలు ఉన్న బొలెరోలో ఎనిమిది మంది కూర్చున్నప్పుడు సాఫీగా సాగిన దారి, ఒక్కరు నడిపినప్పుడు ఒళ్ళు హూనం చేస్తుంది. స్ప్రింగు అదే, పైనున్న బరువు తగ్గింది.

మొదట చూడవలసినది గాలి

దేవనహళ్ళి పంక్చర్ అంగళ్ళలో ‘గాళి’ అన్నా, మనవైపు ‘గాలి’ అన్నా, పెట్టించేది మాత్రం చాలాసార్లు అంచనా లెక్కే. ‘లాంగ్ ప్రయాణం కదా’ అని నాలుగైదు పాయింట్లు ఎక్కువ పెట్టడం ఒక అలవాటుగా మారింది. ఎక్కువ గాలి ఉన్న టైరు చిన్న రాయిని కూడా మింగలేక పైకి పంపుతుంది. ఏ కారుకు ఎంత గాలి కావాలో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే చోట గానీ, కారు పుస్తకంలో గానీ ముద్రించి ఉంటుంది. తక్కువ మందికి ఒక అంకె, నిండు బరువుకు ఒక అంకె వేరువేరుగా ఉండవచ్చు. టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే ఉదయం బయలుదేరక ముందు కొలవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి దాదాపు ఒకటిన్నర పాయింట్లు పెరుగుతుంది. అందువల్ల మధ్యాహ్నపు ఎండలో చూసిన అంకెను నమ్మి గాలి తీయించకూడదు.

మెత్తదనం కోసం చెప్పినదానికంటే తగ్గించడం మరింత ప్రమాదకరం. తక్కువ గాలితో రహదారిపై వేగంగా పోతే టైరు పక్కగోడ వేడెక్కి పగలవచ్చు. గుంతలో పడితే రిమ్ము వంగవచ్చు. నైట్రోజన్ గాలి వల్ల ప్రయాణం మెత్తబడుతుందన్న ప్రచారాన్ని పట్టించుకోనక్కరలేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

ఇక టైరు కొలతలు. డిజైర్ కారునే తీసుకుంటే, తక్కువ ధర రకానికి 165/80 ఆర్14, ఎక్కువ ధర రకానికి 185/65 ఆర్15 టైర్లు వచ్చాయి. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో; రెండవది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. ఆ లెక్కన మొదటిదాని పక్కగోడ 132 మిల్లీమీటర్లు, రెండవదానిది 120. అందం కోసం 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించి 195/55 టైరు తొడిగితే పక్కగోడ 107కు దిగుతుంది. గతుకును మింగే రబ్బరు, గాలి ఆ మేరకు తగ్గినట్లే. పల్లెదారిలో తిరిగేవారికి చవక రకం కారే ఎక్కువ సుఖమివ్వడం విడ్డూరమైనా వాస్తవం.

టైరు వయసు కూడా చూడాలి. పక్కగోడపై కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అరగకపోయినా, ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడి కుదుపును ఎక్కువ చేస్తుంది.

షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు

కారు ఒక మూలను గట్టిగా కిందకు నొక్కి వదలాలి. పైకి లేచి, ఒకసారి దిగి నిలబడితే మంచిది. రెండు మూడు సార్లు ఊగితే షాక్ అబ్జార్బరు పనితనం తగ్గినట్లు. దానిపై నూనె కారి దుమ్ము అట్టకట్టి ఉంటే వేరే పరీక్ష అక్కరలేదు. మార్చేటప్పుడు కుడి ఎడమలు జతగా మార్చాలి. గతుకుల దారిలో చాలాసేపు పనిచేస్తే లోపలి నూనె వేడెక్కి నురుగు కడుతుంది. గ్యాస్ నింపిన రకంలో ఈ నురుగు తక్కువ. హంపు ఎక్కి దిగినప్పుడు ‘టకటక’ శబ్దం వస్తే షాక్ అబ్జార్బరే పోయిందని తీర్మానించకూడదు. లింక్ రాడ్డు గానీ, లోయర్ ఆర్మ్ బుష్ గానీ అరిగి ఉండవచ్చు. అవి చాలా తక్కువ ఖర్చుతో తీరేవి. మంచి రోడ్డుపై 80, 90 వేగంలో మాత్రమే స్టీరింగు వణికితే మొదట చక్రాల బ్యాలెన్సింగు చూపించాలి.

స్ప్రింగు చుట్ల మధ్య పెట్టే రబ్బరు బఫర్లను ‘జెర్క్ ఉండదు’ అని అమ్ముతుంటారు. ఇవి కొన్ని చుట్లను కదలనీయక స్ప్రింగును గట్టిపరుస్తాయి. నిత్యం నిండు బరువుతో తిరిగి నేలకు తగులుతున్న కారుకు కొంత ఎత్తు రావచ్చు గాని, ఇద్దరు ముగ్గురు ప్రయాణించే కారుకు ఇవి కుదుపును పెంచేవే. కమాన్ కట్టకు అదనపు పట్టీ వేయించడం కూడా ఇటువంటిదే. ముందు, వెనుక స్ప్రింగుల పొందిక యాదృచ్ఛికం కాదు. 1930లలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన ఇంజనీరు మారిస్ ఆలీ, వెనుక భాగం ముందుకంటే కొంచెం వేగంగా ఊగాలని ప్రయోగాలతో చూపాడు. గతుకు ముందుచక్రానికి మొదట, వెనుకచక్రానికి ఆ తరువాత తగులుతుంది. వెనుక భాగం వేగంగా ఊగి ముందుదాన్ని అందుకుంటే కారు తూగుటుయ్యాలలా తలాడించదు. ఒకవైపు స్ప్రింగులను మాత్రమే ఇష్టం వచ్చినట్లు మారిస్తే ఈ పొందిక చెడుతుంది.

రోగులు, గర్భిణులు ఎక్కడ కూర్చోవాలి?

రెండు ఇరుసుల మధ్యనున్న చోట కదలిక అన్నిటికంటే తక్కువ. వెనుక ఇరుసు మీద, దాని వెనుక ఎక్కువ. కాబట్టి మూడు వరుసల బండిలో పెద్దలను, రోగులను చివరి వరుసలో కూర్చోబెట్టడం తగదు. మధ్య వరుస గానీ ముందు సీటు గానీ ఇవ్వాలి. పిల్లలు సర్దుకుంటారు. నడుము వెనుక చిన్న దిండు మేలు చేస్తుంది. గర్భిణులు బెల్టు మానకూడదు. కింది పట్టీ పొట్ట కింద తుంటిమీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్యగా పోవాలి. శస్త్రచికిత్స అయినవారు ఆసుపత్రి నుండి బయలుదేరే ముందే, ఈ దారిలో ఎన్ని గంటలు కూర్చోవచ్చో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

నడిపేవారికి ఒక్క మాట. గుంత కనిపించగానే బ్రేకు వేసి, గుంతలో దిగేటప్పుడు కూడా నొక్కి ఉంచడం తప్పు. బ్రేకు వేసినప్పుడు ముందు స్ప్రింగులు అప్పటికే అణగి ఉంటాయి కనుక దెబ్బ నేరుగా పైకి వస్తుంది. ముందుగా వేగం తగ్గించి, గుంత చేరే వేళకు బ్రేకు వదలాలి. హంపుల విషయంలోనూ ఇంతే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగంలో దాటేలా ఉండాలి. ఒక అడుగు వెడల్పున గట్టులా లేపిన ఊరి హంపుకు ఆ 25 వర్తించదు. నడక వేగానికి దిగవలసిందే. ఆ ప్రమాణం పేరు చెప్పి గ్రామ పంచాయతీకి అర్జీ ఇచ్చే వీలు రెండు రాష్ట్రాలలోనూ ఉంది.